వయస్సును, యోగ్యతయు

ఒక మనుష్యుని కులమును బట్టి గాని, మతమును బట్టి గాని, స్త్రీ యగుటను బట్టి గాని పనినుండి త్రోసివేయుట తప్పని నేడు చదువుకొన్నవా రెల్లరు నొప్పుకొందురు. ఆచరణమున నెందఱు తప్పుచున్నను, తప్పినవారు దానిని దాచుకొన జూతురే గాని బహిరంగముగ సమర్థింపరు. సిగ్గు పుట్టినచోట సంస్కారమునకు తావు దొరకినట్లే. కాని సిగ్గు లేకయే, పట్టపగలు, పత్రికలలో ప్రకటించి మఱి చేయుచున్న భేద మొకటి మన నడుమ కలదు. అది వయోభేదము. 'ముప్పదియైదేండ్లకు లోబడినవారు మాత్రమే దరఖాస్తు చేసికొనవలయును' అను ప్రకటనను చదివి మనలో నెవ్వరును ఉలికిపడరు. ఆ వాక్యములో వయస్సునకు బదులు ఒక కులము పేరు చేర్చి చదివిచూడుడు. మఱునాడు ఆ కార్యాలయము ముందు జనము గుమిగూడును. ఒక వాక్యమునకు మండిపడి, రెండవ వాక్యమును చూచియు చూడనట్లు పుట త్రిప్పివేయు మన మనస్సులోని న్యాయ మెట్టిదో విచారించుటయే యీ వ్యాసమునకు పని.

మేమిచ్చట వృద్ధులను గూర్చి మాటలాడుట లేదు. డెబ్బదియేండ్ల వృద్ధునకు విశ్రాంతియు పోషణమును కావలయును. అది వేఱు ప్రశ్న. మా విచారణ నలువదియైదు మొదలు అఱువది వఱకు నుండి, చేతిలోని పని పోగా మరల పనికై వెదకుచున్న వారిని గూర్చినది. వారు పనిలో నారితేఱినవారు. వారి బిడ్డలు కళాశాలలలో నున్నారు. తలిదండ్రులు మంచము పట్టియున్నారు. ఇంటికై తెచ్చిన యప్పునకు నెలనెల కిస్తు కట్టవలసియున్నది. జీవితములో బరువు మిక్కిలి హెచ్చుగ నుండు కాల మదియే. పూర్వులు వానప్రస్థమును విధించినారు గదా యని కొంద ఱందురు. వానప్రస్థము మనుమని మొగము చూచినవానికి విధింపబడినది. ముప్పదియేట పెండ్లియాడి, ఏబదియేట కూతును ఇంజనీరింగు కళాశాలలో చేర్చు నేటి గృహస్థునకు అడవిదారి చూపుట, శాస్త్రమును చదువకయే శాస్త్రము చెప్పుట యగును. దేశము స్వతంత్రమైన నాళ్లలో మన ప్రజల సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడది 70 దాటినది. ఆయువు రెట్టింపునకు మించి పెరుగగా, మనుష్యుడు పనికివచ్చు కాలమును మాత్రము మనము కుదించుచున్నాము.

ఈ త్రోసివేత యెట్లు జరుగునో చూతము. 2022, 2023 సంవత్సరములలో ప్రపంచమందలి పెద్ద సాఫ్టువేరు కంపెనీలు వేలకొలది యుద్యోగులను తొలగించినపుడు, హైదరాబాదులోను బెంగుళూరులోను గూడ ననేకులు పనులు గోలుపోయిరి. అందు చిన్నవారును కలరు, పెద్దవారును కలరు. పెద్దవారిలో పలువురను మేమెఱుగుదుము. వారు పంపిన దరఖాస్తులకు జవాబే రాదు. వచ్చినచోట టెలిఫోనులో మాటలు చక్కగ సాగును. పట్టము పుచ్చుకొన్న సంవత్సర మేదియని యడుగువఱకే యా చక్కదనము. అటుపిమ్మట 'మీ యనుభవము మా పదవికి మించినది' అని యొకరు, 'మా బృందమంతయు కుఱ్ఱవారు, మీ రిమడలేరు' అని యింకొకరు, 'తరువాత తెలియజేయుదుము' అని వేఱొకరు. ఇందులో నొక్కటియు కఠినమైన మాట గాదు. ఒక్కటియు నిజమైన మాటయు గాదు. బడిపంతులమైన మేము పరీక్షలో తప్పిన పిల్లవానికి సైతము వాని కాగితమును చూపి, ఎచ్చట తప్పినాడో చెప్పుదుము. చెప్పనిచో వాడు దిద్దుకొనుట యెట్లు? ఈ పెద్దవారికి తప్పిన చోటు చూపువాడు లేడు. దోషము తమ విద్యలో నున్నదో, మాటతీరులో నున్నదో, పుట్టిన సంవత్సరములో నున్నదో తెలియక వారు రాత్రులు తమను తామే త్రవ్వుకొనుచుందురు.

దీనివలన కూడు పోవుటయే గాక మఱియొక నష్టము కలదు. దానిని గూర్చి యెవ్వరును తగినంతగ మాటలాడలేదు. పని వెదకుకొను పెద్దవారికి స్నేహితులు చెప్పు సలహా లేమి? పట్టము పొందిన సంవత్సరమును తీసివేయుము. మొదటి పదియేండ్ల కొలువును వ్రాయకుము. పెద్ద పదవిని చిన్నదిగ చూపుము. తలకు రంగు వేసికొని పొమ్ము. అనగా ఇరువదియేండ్లు నిజాయితీగ పనిచేసినవాడు అందు పదియేండ్లను దాచవలెను. దొంగ తన దొంగతనమును దాచును; ఇతడు తన కష్టమును దాచుకొనవలసినవా డగుచున్నాడు. తన జీవితములో దేనిని చూచి తాను గర్వించెనో దానినే కళంకమువలె కప్పిపుచ్చువానికి ఆత్మగౌరవ మెట్లు నిలుచును? ఇంట బిడ్డలకు సత్యమును బోధించి, బయట తన వయస్సును గూర్చి బొంకవలసిన స్థితికి నిర్దోషియైన మనుష్యుని దెచ్చు నేర్పాటు, అది యెంత లాభకరమైనను, ధర్మవిరుద్ధమే.

ఇక చట్టము సంగతి. మన రాజ్యాంగములోని 15, 16 అధికరణములు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము మొదలగువానిని పేరు పేరున జెప్పి, వానిని బట్టి భేదము చూపరాదని శాసించినవి. ఆ జాబితాలో వయస్సు లేదు. 14వ అధికరణములోని సమానత్వసూత్రము ప్రభుత్వమును కట్టుపఱచునే గాని, ప్రైవేటు యజమానుని గుమ్మము దాటి లోనికి పోదు. అమెరికాలో నలువది యేండ్లు నిండిన యుద్యోగులను రక్షించు శాసనము 1967లోనే పుట్టినది. ఐరోపా సమాఖ్య 2000లో నుద్యోగవిషయమున వయోభేదమును నిషేధించినది. పెద్దలయెడ మర్యాదకు పేరొందిన జపాను దేశము సైతము, కొన్ని మినహాయింపులతో, ఉద్యోగములకు వయఃపరిమితి విధింపరాదని 2007లో శాసింపవలసివచ్చినది. ఈ చివరి యుదాహరణము మనకు ముఖ్యమైనది. పెద్దలను గౌరవించు సంప్రదాయము మనకున్నది, చట్టమేల యనువారు, నమస్కారము వేఱు, నౌకరి వేఱు అని దీనివలన గ్రహింపవలయును. పండుగనాడు కాళ్లకు మ్రొక్కిన చేతితోనే సోమవారమునాడు దరఖాస్తును ప్రక్కకు నెట్టవచ్చును.

అయినను చట్ట మొక్కటియే చాలునని మేము చెప్పము. 2009లో అమెరికా సుప్రీముకోర్టు, వయస్సే తొలగింపునకు నిర్ణాయకమైన కారణమని ఉద్యోగియే రుజువు చేయవలయునని తీర్పు చెప్పినది. మనస్సులోని కారణమును సాక్ష్యముతో బయటికి దీయుట సులభమా? కావున చట్టమునకు వెనుక ధర్మబుద్ధి యుండవలెను. ధర్మబుద్ధి కుదురవలెనన్న ఎదుటిపక్షము వారి వాదములను దాటవేయక వినవలయును.

మొదటి వాదము యువకుల పక్షమున వచ్చునది. పెద్దవారు తప్పుకొననిచో చిన్నవారికి చోటెక్కడ? ఇది తేలికగ త్రోసివేయదగిన వాదము గాదు. పట్టము చేత బట్టుకొని యేండ్లకేండ్లు తిరుగు యువకుని దుఃఖము మేము మా శిష్యులలో ప్రతిదినము చూచుచున్నాము. కాని యీ వాదమును మన రాష్ట్రమే యొకమాఱు పరీక్షించి చూచినది. 1983 ఫిబ్రవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యువకులకు పనులు కల్పించునుద్దేశముతో నుద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించెను. వేలకొలది యుద్యోగులు ఒక్క మాసములో నింటికి పోయిరి. మఱుసటి సంవత్సరమే, 1984లో, అది మరల 58 అయ్యెను. తగ్గించుట రాజ్యాంగవిరుద్ధము గాదని 1985లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినమాట నిజమే. కాని చట్టసమ్మతమైనదెల్ల వివేకసమ్మతము గాదు. విభజనానంతరము ఆంధ్రప్రదేశ్‌లో నీ వయస్సు 2014లో 60కిని, 2022లో 62కును పెరిగినది. తెలంగాణములో 2021లో 61 అయినది. 55వ యేట పనికిరాని మనుష్యుడు నలువదియేండ్లు గడవకమునుపే 62వ యేటివఱకు పనికివచ్చువా డెట్లయ్యెను? మనుష్యుని మెదడును గూర్చి క్రొత్తగ దెలిసిన దేదియు లేదు. ఖజానా యవసరములు మాఱినవి. హైకోర్టు న్యాయమూర్తికి 62, సుప్రీముకోర్టు న్యాయమూర్తికి 65. పార్లమెంటు సభ్యునకు కనీసవయస్సే గాని పై హద్దు లేనే లేదు. ఈ యంకె లన్నియు సౌకర్యముకొఱకు గీచిన గీతలు. గీతను గీతగ నెఱుగుట తప్పు గాదు. దానిని యోగ్యతకు కొలబద్దయని భ్రమించుట తప్పు.

మఱియు పనులు కుండలోని నీళ్లవలె నొక కొలతకు లోబడియున్నవనియు, ఒకడు త్రాగినంత మఱియొకనికి తక్కువ యగుననియు దలచుట సరిగాదు. ఒకని జీతము మఱియొకని బేరము. ఏబదియేండ్ల తండ్రికి పని పోయినచో నెవనికో కుఱ్ఱవానికి చోటు చిక్కవచ్చును. కాని యా తండ్రి కొడుకు చదువు నడుమ నాగిపోవును. ఒక యువకునకు వాకిలి తెఱచితి మని మనము సంతసించుచుండగా, వేఱొక యువకుని వెనుక వాకిలి మూతపడుచున్నది.

ఇచ్చట నొక భేదమును స్పష్టముగ జూపవలెను. పనినుండి విరమింపజేయుట యొకటి. పనిలో జేరనీయకుండుట యింకొకటి. విరమణ నియమ మెల్లరకు సమానమైనది. ముప్పదియేండ్లు ముందుగనే తెలిసినది. దానికి దగిన పెన్షనో, భవిష్యనిధియో దానితో వచ్చును. అట్టి నియమమును మేము అన్యాయమని యనము. గుమ్మమువద్ద నడ్డగించుట యట్టిది గాదు. దాని హద్దు ముందుగ దెలియదు, పరిహారము లేదు, కారణము చెప్పబడదు. పైగా నొక్కొక్కప్పుడు వయస్సు ముదురుటకు కారణము త్రోసివేయువాడే యగును. మా వృత్తిలోని యుదాహరణమునే చెప్పుదుము. ఆంధ్రప్రదేశ్‌లో నుపాధ్యాయనియామకములకై డి.ఎస్.సి. ప్రకటన 2018లో వచ్చిన తరువాత, 16,347 పదవులకై మరల పరీక్ష జరిగినది 2025లో. సాధారణాభ్యర్థులకు పై హద్దు 44 ఏండ్లు. 2018లో నలువదియేండ్ల వయస్సున నొక్క మార్కులో తప్పి, మరుసటి పరీక్షకై చదువుకొనుచు కూర్చున్నవాని గతి యేమి? వాడు సోమరి యగుటచే ముదియలేదు. ప్రభుత్వము పరీక్ష పెట్టకుండుటచే ముదిసినాడు. రైలును ఏడేండ్లు ఆలస్యముగ నడపి, ప్లాట్‌ఫారముమీద ముదిసినవానికి టికెట్టు చెల్లదనుట యిది.

రెండవ వాదము యజమానులది. పెద్దవారు హెచ్చు జీత మడుగుదురు. క్రొత్త విద్య నేర్వరు. తమకంటె చిన్నవాని క్రింద నడగియుండరు. ఇందు సత్యాంశము లేకపోలేదు. తాను పదునైదేండ్ల క్రిందట నేర్చినదే విద్య యనుకొని, క్రొత్త పుస్తకమును ముట్టనివారు అన్ని వృత్తులలోను కలరు. మా వృత్తిలో మిక్కిలి కలరు. నెరసిన తలయే యర్హతాపత్రమని, సలహాలిచ్చుటయే పని యని తలచువారిని కొలువులో నుంచుకొన నొల్లని యజమానుని మేము తప్పుపట్టము. కాని యీ దోషములు ఫలానివానియం దున్నవని యెట్లు తెలిసెను? అడిగి తెలిసికొనిరా? పని యిచ్చి చూచిరా? తక్కువ జీతమునకు సమ్మతింతువాయని యడుగకయే, సమ్మతింపడని వాని తరఫున తామే జవాబు చెప్పుకొని, ఆ జవాబునుబట్టి వానిని త్రోసివేయుట విచారణ లేని శిక్ష గాక మఱేమి? క్రొత్త విద్య నేర్వని ముప్పదియేండ్ల వారును కలరు. వారి దోషము వారిని పరీక్షించిన పిదప బయటపడును. వీరి దోషము పరీక్షింపకయే యూహింపబడును. భేద మంతయు నిందే యున్నది.

కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో నీ ప్రశ్ననే యింకొక రూపమున నెత్తినాడు. ప్రసిద్ధులైన పూర్వకవులుండగా నేటికవి నాటక మేల యని యడిగినవారికి ఆయన సూత్రధారునిచేత నొసగించిన సమాధాన సారము, ప్రాతక్రొత్తలు యోగ్యతకు గుర్తులు గావు, పరీక్షయే గుర్తు అనునది. నాడు క్రొత్తవాని పక్షమున చేయబడిన యీ మనవిని నేడు ప్రాతవాని పక్షమున చేయవలసివచ్చినది. పక్షము మాఱినను సూత్రము మాఱలేదు.

మూసీనది 1908లో పొంగి హైదరాబాదును ముంచినపుడు, నిజాము ప్రభుత్వము రక్షణోపాయము జెప్పుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. 1861లో బుట్టిన యాయన యప్పటికి బొంబాయి కొలువును తానై వదలుకొని యుండెను. నలువదియైదేండ్లకు లోబడిన యింజనీర్లే కావలయునని ప్రకటించియుండినచో నుస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములకు మూలమైన యా పథక మాయనచేత సిద్ధమై యుండెడిది గాదు. 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి సవరభాషా నిఘంటువు వెలువడినది 1938లో. వీరు మహాపురుషులు గదా, సామాన్యులకు వీరితో పోలికేల యని యనవచ్చును. నిజమే. మేము సామాన్యునికి మహాపురుషుని గౌరవము నడుగుట లేదు. వారికి దొరకిన యా యొక్క యవకాశమును, అనగా తన పనిని చూపుకొను నవకాశమును, సామాన్యునికి గూడ నిమ్మనుచున్నాము.

స్త్రీల విషయమున నీ యన్యాయము రెండింత లగును. 1981లో సుప్రీముకోర్టు విచారించిన యొక వ్యాజ్యెమువలన లోకమునకు దెలిసినదేమనగా, ఎయిరిండియా సంస్థలో విమానపరిచారికలకు విరమణ వయస్సు 35. పై యధికారి యనుగ్రహించిన 45 వఱకు పొడిగింపు. అదే విమానములలో పనిచేయు పురుషులకు 58. మొదటి గర్భముతోడనే కొలువునుండి తొలగింపవచ్చునను నియమమును న్యాయస్థానము కొట్టివేసినది. అధికారి యనుగ్రహమునకు విడిచిన పొడిగింపు పద్ధతిని గూడ కొట్టివేసినది. నియమములు పోయినవి, వాని వెనుకనున్న దృష్టి పోలేదు. బిడ్డలను పెంచుటకై పదియేండ్లు పని మానుకొని, నలువదియవ యేట మరల వచ్చిన స్త్రీని 'ఈ పదియేండ్లు ఏమి చేసితివి?' అని యడుగుచున్నారు. ఒక సంసారము నడపితి నని యామె చెప్పినచో నది యనుభవముగ లెక్కకు రాదు. వయస్సుగ మాత్రము వచ్చును.

ఇక కర్తవ్యము. యజమానులు మూడు పనులు చేయుదురు గాక. పనికి నిజముగ దేహబల మవసరమైనచోట తప్ప ప్రకటనలలో వయస్సు నడుగుట మానవలెను. దరఖాస్తును చదువువానికి పుట్టిన తేదీ, పట్టపు సంవత్సరము కనబడకుండ చేయవలెను. పరీక్షకాగితములను దిద్దువానికి పిల్లవాని పేరు కనబడకుండ మేము చేయుట లేదా? నిరాకరించినపుడు కారణమును రెండు పంక్తులలో వ్రాసి పంపవలెను. వ్రాయుటకు సిగ్గుపడు కారణము కారణముగ నుండదగినది గాదు. ప్రభుత్వములు తాము నియామకములలో చేసిన జాప్యమెంతయో, అంత వయస్సును సడలించుట కృప గాదు, ఋణము తీర్చుట.

పని వెదకు పెద్దవారికిని ధర్మము కలదు. తమ యేండ్లకు మర్యాదను గాక తమ పనికి పరీక్షను కోరవలెను. తమ బిడ్డ యీడువాడు పై యధికారిగ నున్నను వానివద్ద నేర్చుకొనుటకు సంకోచింపరాదు. వయస్సును బట్టి తనకు చోటు కావలయు ననువాడు, వయస్సును బట్టి తనకు చోటు లేదనువానితో వాదింపజాలడు. ఇరువురును నొకే కొలబద్దను చేత బట్టుకొన్నవారే.

బంధుమిత్రులకు నొక్కమాట. పని పోయిన యిల్లాలినిగాని, యింటియజమానుని గాని పెండ్లిపందిళ్లలో 'ఇప్పు డెక్కడ పనిచేయుచున్నారు?' అని పదిమందిలో నడుగకుందుము గాక. చేతనైనచో నొకరికి పరిచయము చేయుదము. చేతగానిచో నాటి భోజనమైన వారిని సుఖముగ చేయనిత్తము.

కడపట యువకులకు చెప్పవలసినది కలదు. కులభేదము చూపువాడు తాను ద్వేషించు కులములో నెన్నడును పుట్టబోడు. అందుచే నా బాధ వాని కందదు. వయోభేదము చూపువాడు మాత్రము తాను నిరాకరించిన వయస్సునకు తానే నడచిపోవుచున్నాడు. నేడు ఇరువదియెనిమిదేండ్ల వయస్సున బల్లకు నీవలి ప్రక్కను కూర్చుండి, ఎదుటివాని పట్టపు సంవత్సరమును చూచి కాగితమును మడచువాడు, తాను కట్టుచున్న గోడను పదునేడేండ్ల పిదప రెండవ ప్రక్కనుండి చూడగలడు. కాని యీ భయముచేత న్యాయము చేయుమని మేము చెప్పము. భయము తీరిన దినమున నా న్యాయమును తీరిపోవును. ఎదుట కూర్చున్న మనుష్యుడు తాను చేయగల పనిని చూపుటకు వచ్చినాడు. దానిని చూచి, తగినవాడైన గ్రహింపుడు. తగనివాడైన కారణము చెప్పి పంపుడు. చూచి కాదనుట యజమానుని హక్కు. చూడక కాదను హక్కు ఏ యజమానునికిని లేదు.